నూకాలు దారం

అనగా అనగా, ఏటికి ఇంకా ఎవరూ పేరు పెట్టని రోజుల్లో, కొండ దిగువన ఇరవై గడపల ఊరొకటి ఉండేది. ఆ ఊరి చివరి గడప నూకాలుది.

నూకాలుకి మొగుడు పోయాడు. బిడ్డల్లేరు. కుంచెడు నేల లేదు. అడ్డాకులు తెచ్చి విస్తళ్ళు కుట్టి ఇంటింటికీ ఇచ్చేది. వాళ్ళు పోసిన గంజి తాగేది. కాస్త తీరిక దొరికితే ఈకలు ఏరుకునేది. కాకి ఈక, కోడి ఈక, పాలపిట్ట ఈక, నేల రాలింది ఏదైనా సరే. పిట్టని కొట్టి మాత్రం ఏనాడూ ఒక్క ఈక పీకలేదు.

ఆ ఈకల్ని మైనం రాసిన దారంతో గాలానికి చుట్టేది. చుట్టగా చుట్టగా అది పురుగులా తయారయ్యేది. రెక్కలుండేవి, కాళ్ళుండేవి, తోకుండేది. నీళ్ళ మీద వేస్తే నిజం పురుగనుకుని చేప నోరు తెరిచేది. ఊళ్ళో అందరూ గాలానికి వానపామును గుచ్చుతుంటే నూకాలు ఒక్కతే ఈకపురుగు కట్టేది. అందుకని ఊరంతా నవ్వేది. "ఈకకి ఈక, తోకకి తోక తీసే మనిషి" అని ఆటపట్టించేది. నూకాలు కూడా నవ్వేసేది.

ఒక ఏడు వాన రాలేదు. రెండో ఏడు వాన రాలేదు. మూడో ఏడు మబ్బే రాలేదు.

గాదెలు ఖాళీ అయ్యాయి. అడవిలో దుంపలు అయిపోయాయి. ఏరు సన్నబడి, ఊరి పక్కన పెద్ద మడుగొకటే మిగిలింది. అందులో చేపలున్నాయి గానీ చేతికి రావు. వల వేస్తే అడుగున రాళ్ళు చింపేసేవి. గాలం వేద్దామంటే, ఎండిన నేలలో ఎంత తవ్వినా ఒక్క వానపాము దొరికేది కాదు.

నూకాలు పక్కింట్లో మరిడమ్మ అని చంటిబిడ్డ తల్లి ఉండేది. తిండి లేక ఆమెకి పాలు ఇంకిపోయాయి. మొదట్లో బిడ్డ ఏడ్చేది. తర్వాత ఏడుపు కూడా మానేసింది. ఆ నిశ్శబ్దం వినలేక నూకాలు చెవులు మూసుకునేది.

అప్పుడు ఊరిపెద్ద బోడినాయుడు అందర్నీ పిలిచాడు. మంగకాయలు దంచి మడుగులో కలుపుదామన్నాడు. కలిపితే చేపలన్నీ మత్తెక్కి తేలిపోతాయి. పెద్దవీ, పిల్లవీ, గుడ్లతో ఉన్నవీ, అన్నీ. ఒక వారం ఊరు కడుపునిండా తింటుంది. ఆ తర్వాత మడుగులో ఏమీ ఉండదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా ఎవరూ కాదనలేదు. నూకాలు లేచి నిలబడింది.

"నాయుడు బావూ, ఏరు దాటాక తెప్ప తగలేసినోల్లని సూసాను. దాటకముందే తగలేస్తారేటి?"

"మరేటి సెయ్యమంటావు నూకాలూ? పిల్లలు సచ్చిపోతన్నారు."

"నాకు మూడు దినాలియ్యి బావూ. నా ఈకపురుగుల్తో ఊరికి సేపలు పెడతాను."

కొందరు నవ్వబోయారు గానీ నవ్వడానికి ఓపిక లేకపోయింది. నాయుడు తలూపాడు. "నాలుగోనాడు పొద్దున్న మంగకాయలు దంచుతాం" అన్నాడు.

ఇంటికొస్తూ నూకాలు మరిడమ్మ గుమ్మం వైపు చూడలేకపోయింది. మూడు దినాలు తను అడిగింది. ఆ మూడు దినాలూ ఆగాల్సింది ఆ పసిగుడ్డు. తను ఓడితే ఏ మొహం పెట్టుకుని బతకాలి?

మొదటినాడు కొంగ ఈకతో తెల్లపురుగు కట్టింది. కిందటేడు దానికే ఎక్కువ చేపలు పడ్డాయి. మడుగులో వేసింది. చేప వచ్చింది. చూసింది. వెళ్ళిపోయింది.

రెండోనాడు పెట్టె అడుగు నుంచి నెమలీక తీసింది. ఎన్నేళ్ళ నుంచో దాచుకున్న ఈక అది. పచ్చగా, నీలంగా మెరిసే పురుగు కట్టింది. అంత అందమైన పురుగు ఆవిడ జన్మలో కట్టలేదు. మడుగులో వేసింది. చేప వచ్చింది. చూసింది. వెళ్ళిపోయింది.

సాయంత్రం నూకాలు వచ్చి మరిడమ్మ గుమ్మంలో కూలబడింది. మరిడమ్మ గుడ్డ పేలికని ఏదో నీళ్ళలో ముంచి బిడ్డ నోట్లో పిండుతోంది.

"ఏటే అది?"

"సింతగింజల గంజి తేట అత్తా. బెల్లం ముక్క దొరికితే ముందది పెట్టాను, ఉమ్మేసింది. ఇదైతే మింగతంది. మనకి నచ్చింది పెడితే తింటాదేటి? దానికేటి పడతాదో సూసుకోవాల గానీ."

నూకాలుకి తన ఈకపురుగులు గుర్తొచ్చాయి. కొంగ ఈక తనకి నచ్చింది. నెమలీక తనకి నచ్చింది. చేపలేం తింటున్నాయో తను చూడనేలేదు. ఇన్నేళ్ళు కట్టి కట్టి, అన్నీ తెలుసనుకుంది. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే కాస్త ధైర్యం కూడా వచ్చింది.

మూడోనాడు తెల్లవారుతూనే మడుగు ఎగువకి వెళ్ళింది. అక్కడ ఏరు ఇంకా సన్నగా పారుతోంది, అది మోసుకొచ్చేదే మడుగు చేపలకి తిండి. నీళ్ళలో చెయ్యి పెట్టి ఒక రాయి తిప్పింది. రాతి అడుగున బియ్యపు గింజంతేసి పురుగులు అంటుకుని ఉన్నాయి. మట్టిరంగు ఒళ్ళు. వెనక మూడు తెల్లటి తోకలు, చూపుకి ఆనీ ఆనకుండా. నూకాలు వాటిని కళ్ళనిండా చూసుకుంది. తర్వాత రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే బోర్లించింది. ఒకరి ఇంటి కప్పు తీసి చూసినవాళ్ళు మళ్ళీ కప్పాలి కదా.

ఒడ్డునే కూర్చుని పిచ్చుక ఈకతో ఒళ్ళు చుట్టింది. తోకల దగ్గర ఆగింది. దారం పెట్టింది, లావైంది. ఈకపోచ పెట్టింది, బిరుసైంది. ఏం చెయ్యాలో తోచక తల గోక్కుంది. వేళ్ళకి ఒక తెల్ల వెంట్రుక వచ్చింది. దాన్ని చూసింది. ఇంకో రెండు పీక్కుంది.

మూడు వెంట్రుకలు, మూడు తోకలు. మడుగులో వేసింది. చేప వచ్చింది. చూడలేదు. మింగేసింది.

ఆ చేప జానెడుంది. నూకాలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. తర్వాత పరుగున ఊళ్ళోకి వెళ్ళి, దాన్ని మరిడమ్మ చేతిలో పెట్టింది.

"పులుసు కాసుకుని తాగే. మిగతావోల్లకి తరవాత."

ఆ పూట ఊళ్ళో ముసలమ్మలంతా నూకాలు చుట్టూ చేరారు. ఆవిడ చుట్టడం నేర్పింది, వాళ్ళు చుట్టారు. తెల్ల వెంట్రుకలున్నవాళ్ళు తలా నాలుగు ఇచ్చారు. బోడినాయుడి తల పేరుకి తగ్గట్టే నున్నగా ఉండేది. ఇవ్వడానికేమీ లేక కాసేపు తచ్చాడాడు. చివరికి ఊరంతా చూస్తుండగా తన తెల్ల మీసం కోసి నూకాలు దోసిట్లో పోశాడు. ఎప్పుడూ దువ్వి మెలేసుకునే మీసం అది.

"నీకు దండం నూకాలూ" అన్నాడు. "ఏటిని సంపేసుందును."

మంగకాయల బుట్ట పొయ్యిలోకి పోయింది. ఊరు రోజూ సరిపడా పట్టుకుంది. గుడ్డుతో ఉన్న చేప పడితే మళ్ళీ నీళ్ళలో వదిలింది. అయిదోనాడు మరిడమ్మకి పాలు పడ్డాయి. ఆరోనాడు బిడ్డ ఏడ్చింది. ఆ ఏడుపు వినడానికి జనం పనులు మానుకుని వచ్చారు.

నాలుగో ఏడు వాన వచ్చింది. ఏరు నిండింది. ఏటి నిండా చేపలున్నాయి.

నూకాలు చాలా ఏళ్ళు బతికింది. పోయేనాటికి నెత్తిన వెంట్రుకలు పెద్దగా మిగల్లేదు. ఆవిడకి కడసారి నీళ్ళు పోసింది మరిడమ్మ. తల దువ్వితే దువ్వెనకి రెండు వెంట్రుకలు వచ్చాయి. మరిడమ్మ వాటిని వేలికి చుట్టి, చిన్న ఉండ చేసి, తన ఇంటి చూరులో దోపింది.

ఇప్పటికీ ఆ ఏటి ఒడ్డున గాలం వేసేవాళ్ళు ముందు ఒక రాయి తిప్పి చూస్తారు. చూసి, ఎలా ఉన్నదాన్ని అలాగే బోర్లిస్తారు. తెల్లజుట్టు దువ్వుకున్న ఆడవాళ్ళు రాలిన వెంట్రుకల్ని చూరులో దోపుతారు, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోవచ్చు. ఎవరికైనా మొదటి తెల్ల వెంట్రుక వస్తే అక్కడ దిగులుపడరు. పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపిస్తారు.

"సూడండర్రా, నూకాలు దారం మొలిసింది. నానూ ఇంకొకలకి అన్నం పెట్టగలను" అంటారు.

కథ ఏటికి, మనం ఇంటికి. రేపు పొద్దున్న అద్దంలో ఒక తెల్ల వెంట్రుక కనపడితే మాత్రం, పీకి పారెయ్యకండి.