రేవుపెద్ద చదివింపులు

కుందవరం రాజు చిత్రభానుడికి ఉన్నట్టుండి ఒక సరదా పుట్టింది. ఈసారి రేవుపెద్దను తాను నియమించడట, పడవవాళ్ళే ఎన్నుకోవాలట. పడవకో గవ్వ. నచ్చినవాడి కుండలో వేస్తే సరి.

"ప్రభూ, గవ్వ పడకముందే బువ్వ పెట్టేవాళ్ళు బయల్దేరతారు" అన్నాడు కొలువులో ఉండే పేరన్న. "ఎంత ఖర్చు పెట్టొచ్చో, ఆ సొమ్ము ఎవరిదో ముందే కట్టడి చేయండి."

రాజుకు సబబనిపించింది. వంద వరహాలకు మించి ఎవరూ ఖర్చు చేయకూడదు. ఎవరెవరు ఎంతెంత ఇచ్చారో నిండు కొలువులో చెప్పాలి. దాచినవాడు పోటీ నుంచి తప్పుకోవాలి. అలాగని దండోరా వేయించాడు.

పోటీకి ఇద్దరు నిలిచారు. ఒకడు పోలయ్య, చిన్న పడవ నడుపుకునే మనిషి. రెండోవాడు నాగప్ప. నాగప్ప వీధిలోకొస్తే ముందు మీసం వచ్చేది, వెనక ఆయన వచ్చేవాడు.

వారం రోజులు రేవులో రోజూ పండగే. పూటకో విందు, మనిషికో పట్టు ఉత్తరీయం, రెండు ఊళ్ళ మేళాలు. అన్నీ నాగప్ప పేరు మీదే.

లెక్క చెప్పే రోజు వచ్చింది. పోలయ్య పదకొండు వరహాలని చెప్పి, వాళ్ళత్తగారు పంపిన ఎండుచేపల బుట్టను కూడా మరిచిపోకుండా చెప్పాడు. నాగప్ప లేచి ఉత్తరీయం సర్దుకున్నాడు.

"తొంభై తొమ్మిది వరహాలు ప్రభూ. మా ఆవిడ పోపులపెట్టెలో దాచుకున్న డబ్బు."

పేరన్నకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ పోపులపెట్టెను ఒక్కసారి చూడాలనుంది ప్రభూ! పదివేల విస్తళ్ళు లేచాయి దాంట్లోంచి!"

రాజు పెద్ద వర్తకులు ముగ్గురినీ పిలిపించాడు. ఉప్పు వర్తకుడు మల్లినాథం, బెల్లం వర్తకుడు సోమలింగం, నూనె వర్తకుడు అచ్యుతయ్య.

"మేమా? కాణీ ఇస్తే ఒట్టు!" అన్నారు ముగ్గురూ ఒకే గొంతుతో.

సంగతి ఊరందరికీ తెలుసు. నాగప్ప గెలిస్తే పెద్ద రేవు వర్తకుల పడవలకే. చిన్న పడవలు బురదగట్టుకు పోవాల్సిందే. పేరన్న తాతా తండ్రీ తెడ్డు వేసి బతికినవాళ్ళు.

"రుజువు లేని మాట చెల్లదు పేరన్నా" అన్నాడు రాజు. "రేపు సాయంత్రంలోగా నిరూపించు. లేదంటే నాగప్పకు క్షమాపణ చెప్పుకొని, కొలువు వదిలి నువ్వూ తెడ్డు పట్టు."

నాగప్ప మీసం దువ్వాడు.

పేరన్న తల వంచుకుని ఇంటిదారి పట్టాడు. దారిలో ఒక పెళ్ళిపందిరి. చదివింపుల వేళ. ఎవరేం కట్నం ఇచ్చారో ఒకాయన గొంతెత్తి చదువుతున్నాడు.

"పెళ్ళికూతురి మేనమామ గారు, ఇత్తడి చెంబు!"

"చెంబేమిటయ్యా? బిందె! ఇంత బిందె!" అంటూ మేనమామ చేతులు బారజాపి ఒక్క గెంతులో పీటల దగ్గరికొచ్చాడు. పెళ్ళి ఆగినంత పనైంది.

పేరన్న అక్కడే నిలబడి కడుపుబ్బ నవ్వాడు. ఆ తర్వాత పంక్తిలో కూర్చుని, నాలుగు బూరెలు కూడా తిని ఇంటికెళ్ళాడు.

మర్నాడు అతడి మాట మీద రాజు విందు ఏర్పాటు చేయించాడు. నాగప్ప గారికీ ఆయన అభిమానులకూ సన్మానమని కబురు వెళ్ళింది. పేరన్న క్షమాపణ చూడొచ్చని నాగప్ప గంట ముందే వచ్చి కూర్చున్నాడు. వర్తకులు జరీపంచెలతో దిగారు. ఊరంతా పందిట్లోనే ఉంది.

పేరన్న తాటాకు పట్టుకుని లేచాడు.

"నాగప్ప గారి అభిమానుల చదివింపులు! ఎక్కువ ఇచ్చిన చేతికే మొదటి తాంబూలం. ఉప్పు వర్తకులు మల్లినాథం గారు, పది వరహాలు!"

జనం కిసుక్కుమన్నారు. మల్లినాథం ముఖం కందగడ్డయింది. అయినా పళ్ళు బిగబట్టి ఊరుకున్నాడు.

"బెల్లం వర్తకులు సోమలింగం గారు, పన్నెండు వరహాలు! మొదటి తాంబూలం వీరికే!"

అంతే. మల్లినాథం దిగ్గున లేచాడు.

"సోమలింగం కంటే నేను తక్కువా? మూడొందలిచ్చాను, మూడొందలు!"

"మూడొందలకే ఇంత ఎగిరిపాటా?" సోమలింగం పంచె ఎగ్గట్టాడు. "నావి నాలుగొందలు! పైగా పాయసాల బెల్లమంతా ఊరికే పోశాను!"

"కూర్చోండయ్యా! నోరు మూసుకోండి!" నాగప్ప చేతులు ఊపుతున్నాడు. ఎవరు చూస్తారు?

అచ్యుతయ్య లేచాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నా పేరే చదవలేదేం? మేళాలు ఎవరివి? పట్టు ఉత్తరీయాలు ఎవరివి? ఆరొందల వరహాలు పోసినవాడికి తాంబూలం లేదా?"

ముగ్గురికీ అప్పుడు తెలివొచ్చింది.

"మోసం ప్రభూ!" నాగప్ప అరిచాడు. "పేరన్న చదివింది పచ్చి అబద్ధం!"

పేరన్న చేతులు కట్టుకుని వినయంగా వంగాడు.

"నిజమే ప్రభూ, నేను చదివింది అబద్ధమే. దిద్దింది మాత్రం వీళ్ళే."

రాజు పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు పందిరంతా ఊగింది. నాగప్ప పోటీ నుంచి పోయాడు, పోలయ్య రేవుపెద్ద అయ్యాడు. రేవు మెట్లు బాగుచేయించే భారం వర్తకుల నెత్తిన పడింది. చిన్న పడవలవాళ్ళు పేరన్నను భుజాలకెత్తుకున్నారు.

రాజు తన చేత్తో ఒక సంచి పైకి అందించి, వంగిన పేరన్న చెవిలో "వంద వరహాలు" అన్నాడు. ఆ తాటాకు అందుకుని, తానే గొంతెత్తి చదివాడు.

"పేరన్నకు ప్రభువుల బహుమానం, యాభై వరహాలు!"

"యాభై ఏమిటి ప్రభూ, వంద!" అన్నాడు పేరన్న, భుజాల మీంచే.

అని, నాలుక కరుచుకున్నాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నాగప్పే.