దడికి పెట్టిన బోర్డు

ఈ మాట పైకి ఎప్పుడూ అనలేదు: మా ఇంట్లో బుర్రున్నది నాకొక్కదానికే. బాబాయ్, పిన్ని కూడా ఎవరికి వాళ్ళు అలాగే అనుకుంటున్నారు, పాపం.

మాది ఆత్రేయపురంలో పూతరేకుల కొట్టు. పెట్టె మీద ఏ మాట కావాలంటే ఆ మాట రాసిస్తాం. "ఏదైనా మంచి మాట రాయండి" అని ఒకాయన అడిగితే, పిన్ని "ఏదైనా మంచి మాట" అని ముత్యాల్లా రాసిచ్చింది. అంతే, ఆయన మళ్ళీ రాలేదు.

అందుకని నేను వీడియోలు చూసి కంప్యూటర్ నేర్చుకున్నాను. జనం ఫోన్లో మాట టైపు చేస్తే ఇక్కడ చీటీ అచ్చవుతుంది. తీరా చూస్తే ఆ కంప్యూటరూ మా ఇంటి మనిషే, ఆ మాటలో ఏం చెబితే అది చేసేస్తుంది! అప్పుడు "దడి" అని చిన్న ప్రోగ్రాం రాశాను. కొనేవాళ్ళ మాటకి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెడుతుంది. ఆ గుర్తుల మధ్య ఉన్నది అచ్చువెయ్యాలి గానీ, ఆజ్ఞ అనుకుని చెయ్యకూడదు. నెట్‌లో పెడితే చుట్టుపక్కల కొట్లవాళ్ళూ తీసుకున్నారు. నా గొప్ప చూడాలి!

ఒకరోజు తుని నుంచి ప్రభావతి అని ఓ కంప్యూటర్ టీచరుగారు పెట్టె ఆర్డరిచ్చి, మాట రాసేచోట ఇలా రాశారు: "అమ్మాయ్, మధ్యలో నేనే ఓ కొటేషన్ గుర్తు పెడితే నీ దడి అక్కడితో అయిపోయిందనుకుంటోంది. ఆ తర్వాత ఏం రాసినా నీ కంప్యూటర్ చేసేస్తోంది. వెంటనే ఫోన్ చెయ్." కింద నంబరు.

పిన్ని దాన్ని అందంగా అచ్చువేసి, పెట్టెకి అంటించి, ఆవిడకే పంపింది. బాగుందని ఇంకోటి గోడకీ అంటించింది.

నాకు ఒళ్ళు మండింది. నా దడికి కన్నమా! ఫోన్ చెయ్యలేదు.

"ఆ గుర్తు పెట్టొద్దని చెబితే ఎవరు పెడతారమ్మడూ?" అన్నాడు బాబాయ్.

నిజమే కదా! సైట్లో బోర్డు పెట్టాం: "దయచేసి ఎవరూ కొటేషన్ గుర్తు పెట్టి, దాని పక్కన ఈ కింది ఆజ్ఞ రాయవద్దు. రాస్తే మా ఆర్డర్లన్నీ చెరిగిపోతాయి." జనం పొరబడకుండా ఆ ఆజ్ఞ కూడా పెద్దక్షరాల్లో వేశాను.

ఇంకేముంది, సాయంత్రానికి ఆర్డర్లన్నీ మాయం! రేపటి మండపేట పెళ్ళి ఆర్డరు కూడా. పెట్టెలు సిద్ధంగా ఉన్నాయి. ఎక్కడికి పంపాలో తెలీదు. పెళ్ళివారి ముందు పరువు పోతే కొట్టు మూసుకోవడమే.

"నకలు లేదుటే?" అంది పిన్ని.

"ఉంది పిన్నీ. దూరంగా పెడితే పోతుందని అసలుదాని పక్కనే పెట్టాను."

"మరింకేం!"

"రెండూ కలిసే పోయాయి."

ఇంతలో ఫోన్ మోగింది. పిన్ని ఎత్తి, "మండపేట పెళ్ళివారటండీ. పెట్టెలు ఏ మండపానికి తేవాలో చెబుతారట" అంది.

"పనిలో ఉన్నామని చెప్పవే! వాళ్ళ అడ్రసేగా వెతుక్కుంటున్నాం!" అని కసిరాడు బాబాయ్.

నాకూ సబబుగానే తోచింది. గోడ మీది చీటీ చూశాను. మా కొట్టు సరే, నా దడి కట్టుకున్న కొట్లన్నీ ఏం కాను? ఇక బింకం చాలు, టీచరుగారికి ఫోన్ చెయ్యాల్సిందే.

"పిన్నీ, ఆ పెళ్ళివాళ్ళని పెట్టెయ్యమను. నేను అర్జెంటుగా ఫోన్ చేసుకోవాలి."