సుబ్బరత్నమ్మ బిగించిన వాల్వు

శంభులింగం గారి దగ్గర వేదాంతం చదువుకుంటున్న పాండురంగం ఒకరోజు పాఠం మధ్యలో ఆగి అడిగాడు. “గురువుగారూ, ఎంత మంచి పనైనా సరే, ‘ఇది నేను చేశాను’ అనుకుంటే అహంకారమే కదండీ?”

గురువుగారు పుస్తకం మూసి పక్కన పెట్టారు. వాదించడం ఆయనకు అలవాటు లేదు. తమ పక్కింట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

సుబ్బరత్నమ్మ ఇంటి పెరట్లో బావి ఉంది. గట్టు మీద మోటారు, దాన్నుంచి నీళ్ళలోకి దిగిన గొట్టం. గొట్టం అడుగున ఉండే వాల్వు నీళ్ళను పైకి రానిస్తుంది గాని వెనక్కి జారనివ్వదు. అందులోని తోలు బిళ్ళ అరిగిపోయింది. మోటారు ఆపితే చాలు, గొట్టంలో నీళ్ళన్నీ బావిలోకి దిగిపోయేవి. రోజూ ఆమె నాలుగైదు బిందెలు చేది గొట్టం నింపితేనే మోటారు నీళ్ళు ఎత్తేది. ఇలాంటి పనులన్నీ ఒకప్పుడు ఆమె భర్త వీరభద్రం చేసేవాడు. పక్షవాతంతో అతని కుడిచెయ్యి పడిపోయింది. మాట ఒక్కొక్క ముక్కే, ముద్దగా వచ్చేది. మెకానిక్ మస్తాను పది రోజులు ఆగమన్నాడు.

ఆగుదామనే అనుకుంది సుబ్బరత్నమ్మ. కానీ ఒక ఉదయం ఆమె గేదె దగ్గరుండగా, వీరభద్రం ఎడమచేత్తో బిందె ఎత్తబోయి పడ్డాడు. పెద్ద దెబ్బేమీ కాదు. లేపి కూర్చోబెట్టింది. అతను మాత్రం ఆమె ముఖంలోకి చూడలేదు.

ఆ రోజే ఆమె పొదిలి బజారుకు వెళ్ళి కొత్త తోలు బిళ్ళ తెచ్చింది. మోటారు దగ్గర గొట్టం విప్పి, తాడు కట్టింది. శంభులింగం గారూ, ఎదురింటి నాగూరూ పైకి లాగారు. భర్త గట్టు మీద కూర్చుని ఎడమచేత్తో సైగ చేస్తుంటే, ఆమె తుప్పు పట్టిన వాల్వును పానాతో విప్పి, పాత బిళ్ళ తీసి కొత్తది వేసి బిగించింది. గొట్టం దించి నీళ్ళు పోశారు. పోసినవి పోసినట్టే దిగిపోయాయి.

“మస్తాను వచ్చిందాకా ఆగితే పోయేదిగా వదినా,” అన్నాడు నాగూరు.

ఆమె మళ్ళీ గొట్టం పైకి లాగించింది. వాల్వు విప్పగానే వీరభద్రం చెయ్యి లేపాడు.

“చెప్పమాకయ్యా, నన్నే చూడనీ,” అంది.

అతను చెయ్యి దించాడు. ఆమె పాత బిళ్ళను అరచేతిలో పెట్టుకుని, దాని మీద పడిన గుండ్రటి ఒరిపిడి గుర్తు ఏ వైపున ఉందో చాలాసేపు చూసింది. తను కొత్తది తిరగేసి వేసిందని అప్పుడు తెలిసింది. సరిచేసి బిగించింది. ఈసారి గొట్టం నిండుగా నిలిచింది. మర్నాడు ఒక్క బిందె కూడా పోయకుండానే, స్విచ్చి వేయగానే తొట్టిలో నీళ్ళు దూకాయి.

పదో రోజున మస్తాను వచ్చి మోటారు వేసి చూశాడు. “ఎవరు చేశారు, అయ్యవారూ మీరా?” అని శంభులింగం గారిని అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపారు. మస్తాను నాగూరు వైపు తిరిగాడు.

“నేనే చేశా,” అంది సుబ్బరత్నమ్మ. “విప్పిందీ నేనే, బిగించిందీ నేనే.”

అప్పుడు వీరభద్రం నోరు తెరిచాడు. “మొదట... తప్పేసింది,” అన్నాడు. తర్వాతి మాట కోసం పెనుగులాడాడు. ఎవరూ అందించబోలేదు. “రెండోసారి... నేను... చెప్పలా.” అంటూ గట్టు మీద నిటారుగా కూర్చుని అందరినీ ఒకసారి కలియజూశాడు.

గురువుగారు చెప్పడం ఆపారు. పాండురంగం “మరి ఆమె ‘నేనే’ అంది కదండీ?” అన్నాడు.

“అంది. ఆ నాలుగు ముక్కలు అనడానికి వీరభద్రానికి ఎంతసేపు పట్టిందో నీకు తెలియదు నాయనా,” అన్నారు గురువుగారు. “తన తప్పు చెబుతున్నా ఆమె నిలబడి చివరిదాకా విన్నది. అహంకారానికి అంత ఓపిక ఉండగా నేను చూడలేదు.”