కొలిమి దగ్గర కుర్చీ

వైకుంఠానికి గురువులో నచ్చనిది ఒక్కటే. కొలిమికి పని పట్టుకొచ్చిన వాళ్లను కనకాచారి ఊరికే కూర్చోనిచ్చేవాడు కాదు.

గొడ్డలి చేయించుకునేవాడైనా, కొడవలి కావాలని వచ్చిన ఆడమనిషైనా, వచ్చీ రాగానే వాళ్ల చేతికి తిత్తి తాడు అందించేవాడు. "జర గుంజు" అనేవాడు. వాళ్లు తాడు లాగుతుంటే తిత్తి గాలి ఊదేది, నిప్పులు ఎర్రబడేవి. కనకాచారి మాత్రం ఇనుము పెట్టి కొట్టే దాగలి దిమ్మ ముందు తీరిగ్గా కూర్చుని ఇంటి సంగతులూ పొలం సంగతులూ అడిగేవాడు. ఊరి సర్పంచు వచ్చినా అదే వరస.

వైకుంఠం పట్నంలో వెల్డింగ్ షాపులో చేసి, కమ్మరి పని నేర్చుకుందామని వచ్చినవాడు. పని ఇచ్చేవాళ్ల చేతే పని చేయించుకోవడం ఏం మర్యాదని అతని బాధ. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడు.

"తిత్తి గుంజెతందుకు నేనున్న గద ఉస్తాద్. వాళ్లకెందుకు తిప్పలు?"

"వాళ్లు గుంజితేనే ఇనుము మంచిగ కాగుతదిరా" అన్నాడు కనకాచారి మీసాల్లో నవ్వుకుంటూ.

ఎవరు గుంజినా ఇనుము ఒక్కలాగే కాగుతుందని వైకుంఠానికి తెలుసు. ముసలాయన చాదస్తం అనుకుని, సంతకు పోయినప్పుడు ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, వచ్చేవాళ్ల కోసం కొలిమి పక్కన వేశాడు. కనకాచారి దాన్ని ఒకసారి చూసి మళ్లీ సుత్తి అందుకున్నాడు. పిల్లి వచ్చి అందులో పడుకుంది.

వరికోతలు దగ్గరపడ్డాయి. ఒక పొద్దున చుట్టాల పెళ్లికి పోతూ కనకాచారి సుత్తిని శిష్యుడి చేతిలో పెట్టాడు.

"ఈ కోతలకు కొడవండ్లు నువ్వే చెయ్యి. ఒక్కటి వాపసొచ్చినా మల్ల తిత్తి కాడికే."

దాగలి ముందు కూర్చోవడం కోసమే వైకుంఠం అన్నాళ్లూ ఎదురుచూశాడు. గురువు సందు మలుపు తిరిగేదాకా ఆగి, ఆనక ఒక్కడే నవ్వుకున్నాడు.

మొదట వచ్చింది కొమురవ్వ. వరి కోయడంలో ఆ ఊళ్లో ఆమె తర్వాతే ఎవరైనా. అరిగిపోయిన కొడవలి చూపించి, "మీ ఉస్తాదే చేసిచ్చిండు. గిసొంటిదే కావాలె" అంది. అలవాటు కొద్దీ తిత్తి తాడు అందుకోబోయింది.

"నువ్వు కూసో అవ్వా" అని వైకుంఠం పిల్లిని దింపి, కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. ఆమె మురిసిపోయింది. పాత కొడవలి వంపు ఒకసారి చూసి, దాన్ని తుక్కు ఇనుములోకి విసిరేశాడు. కొత్త ఇనుము కాల్చి, సాగగొట్టి, వంచాడు. అంచున రంపం పళ్లలా సన్నటి కక్కు కొట్టాడు. కక్కు కొడవలికి ఒక మొహానే ఉంటుంది, రెండో మొహం నున్నగా ఉంటుంది. పట్నంలో చేసిన ఏ పనీ అతనికి అంత ముద్దొచ్చింది లేదు.

కోతలు మొదలయ్యాయో లేదో కొడవలి వాపసొచ్చింది. అప్పటికి కనకాచారి కూడా పెళ్లి నుంచి వచ్చి దాగలి ముందున్నాడు.

"తెగుతలేదు బిడ్డా. వరి జారిపోతున్నది" అంది కొమురవ్వ.

వైకుంఠం కొడవలి తీసుకుని కొలిమి పాక వెనక పిడికెడు గడ్డి పట్టి కోశాడు. కసుక్కున తెగింది. "మంచిగనే తెగుతున్నది గదవ్వా."

కొమురవ్వ మొహం చిన్నబోయింది. "అయితే నా చెయ్యే పోయినట్టున్నది. నిన్న అందరికన్న ఎనుకవడ్డ. ఇగ కూలికి ఎవలు విలుస్తరు?"

గెలిచానన్న సంతోషం వైకుంఠానికి క్షణం కూడా నిలవలేదు. తప్పు తనదో, కొడవలిదో, ముసలి చేతిదో తేలలేదు. కానీ గురువు మాట మాటే. తల వంచుకుని తిత్తి దగ్గరికి నడిచాడు.

"నువ్వు గాదురా" అన్నాడు కనకాచారి. "కొమురవ్వా, జర నువ్వు గుంజు."

కొమురవ్వ తాడు అందుకుంది. కనకాచారి ఆమె మేకల సంగతి అడిగాడు. ఒకటి ఈనిందని ఆమె చెబుతోంది. నిప్పులు భగభగమంటున్నాయి. నిప్పుల్లో ఇనుమే పెట్టలేదని వైకుంఠం అప్పుడు గమనించాడు. మరి ఉస్తాద్ ఏం చూస్తున్నాడా అని ఆయన చూపు వెంటే చూశాడు.

కొమురవ్వ ఎడమచేత్తో తాడు లాగుతోంది.

వైకుంఠం తుక్కులో చెయ్యి పెట్టి పాత కొడవలి వెతికి తీశాడు. కొత్తదాని పక్కన పెట్టి చూశాడు. కొత్తదానికి కక్కు ఏ మొహాన ఉందో, పాతదానికి దానికి ఎదురు మొహాన ఉంది.

"అవ్వా, కొడవలి ఏ చేత్తోని పడ్తవు?"

"అన్నం దప్ప అన్నిటికీ ఎడమచెయ్యే బిడ్డా. మా అవ్వ ఎన్ని దెబ్బలు గొట్టినా పోలేదు."

"కక్కు ఆ దిక్కు కొట్టుమని ఉస్తాద్‌కు నువ్వే చెప్పినవా?"

"కక్కు సంగతి నాకేం దెలుసు? ఆయన ఇస్తడు, నేను కోస్త."

వైకుంఠం కొత్త కొడవలికి పిడి ఊడదీసి నిప్పుల్లో పెట్టాడు. ఎర్రబడ్డాక తను ముందు కొట్టిన పళ్లు చదును చేసి, రెండో మొహాన కక్కు కొట్టి, నీళ్లలో ముంచాడు. చుయ్యిమంది. పిడి తొడిగి కొమురవ్వ చేతికిచ్చాడు, ఎడమచేతికే. ఆమె పాక వెనక్కి వెళ్లింది. కాసేపటికి ఒళ్లో మేకకు సరిపడా గడ్డితో, నోటి నిండా నవ్వుతో వచ్చింది.

"సూడు చారన్నా, నా చెయ్యి మల్లొచ్చింది" అని చెప్పి, చేలో అందరికన్నా ముందుండాలని గబగబా వెళ్లిపోయింది.

వైకుంఠం ఒప్పందం ప్రకారం తిత్తి పక్కన నిలబడ్డాడు. అంతలో గొడ్డలి చేయించుకోవాలని రాజిరెడ్డి పటేలు వచ్చాడు. తెల్ల ధోవతి సర్దుకుని కుర్చీ వైపు నడిచాడు.

వైకుంఠం అడ్డం వచ్చి తాడు అందించాడు. "జర గుంజు పటేలా. ఇంట్ల అందరు మంచిదేనా?"

పటేలు తాడు పట్టుకున్నాడు. వైకుంఠం కళ్లు అతని చేతుల మీదే ఉన్నాయి.

కనకాచారి సుత్తిని దాగలి మీద పెట్టి లేచాడు. పిల్లిని పక్కకు జరిపి, కుర్చీలో కూర్చుని కాళ్లు చాపాడు.

"కుర్చీ మంచిగనే ఉన్నదిరా" అన్నాడు.