సరిహద్దు గోడ

పొరుగురాజు సరిహద్దులో గోడ కడుతున్నాడని వేగులు రాజుకు చెప్పారు. ముప్పై ఏళ్లుగా రాజనీతి బోధిస్తూ, పరరాజ్యాల ఎత్తులు పసిగట్టడంలో దిట్ట అనిపించుకున్న విశ్వంభరాచార్యులు, "ఇది యుద్ధ సన్నాహమే. మనమే ముందు దెబ్బ తీయాలి" అన్నాడు.

ఆ మాట ఊరంతా పాకి, మట్టి మోసే తిప్పమ్మ చెవిన పడింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు సరిహద్దుకు బయలుదేరిన సైన్యంలో ముందు వరసలో ఉన్నాడు. పరుగున సభకు వచ్చి, "దొరా, కూలి కోసం ఆ గోడకు మట్టి మోసినదాన్ని నేను" అంది.

"శత్రువుకు ఊడిగమా! దీని తల తీయించండి" అని ఆచార్యులు మండిపడ్డాడు.

"నా మాట విన్నాక తీయించండి బాబూ. ఆ గోడకు ఇటువైపు ఒక్క గుమ్మమైనా పెట్టలేదు. మన మీదికి రావాలనుకునేవాడు తన దారి తానే మూసుకుంటాడా? మనమెక్కడ వచ్చి పడతామోనని బెదిరి కట్టుకుంటున్నాడు."

రాజు ఆచార్యుల వైపు తిరిగాడు. "ఆ గోడ మీరు చూశారా?"

"లేదు ప్రభూ, వేగుల మాటే విన్నాను" అన్నాడు ఆచార్యులు.

"సేనను వెనక్కి పిలవండి. ఈమె జోలికి ఎవరూ వెళ్లకండి" అన్నాడు రాజు. తిప్పమ్మ రాజుకు దణ్ణం పెట్టి, కొడుకుకు ఎదురు వెళ్లడానికి బయలుదేరింది.