జవాబు రాయి ఎక్కిన తోడేలు

కొండవాగుకి రెండు పక్కలా ఉన్నది ఒకప్పుడు ఒకటే అడవి. ఏదో గొడవొచ్చి రెండు ముక్కలయింది. ఆ గొడవ దేనికో ఇప్పుడు అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు గానీ, అక్క ఒక గట్టున, చెల్లెలు ఒక గట్టున ఉండిపోయిన మాట మాత్రం నిజం. ఉత్తరపు గట్టు తోడేలు దొరది. ఆయన ఆవలిస్తే అక్కడ అందరూ ఆవలించాలి. దక్షిణపు గట్టున దొరలు లేరు. ప్రతి చిన్నదానికీ సభ పెట్టుకుని పొద్దస్తమానం వాదించుకుంటారు. వింటే మీకూ నాకూ తలనొప్పి వస్తుంది.

ఆ రోజు సభ మధ్యలో నూకాలు అనే కుందేలు తడిసి ముద్దై వణుకుతోంది. కొట్టుకుపోతున్న దుంగ పట్టుకుని ఉత్తరపు గట్టు నుంచి తప్పించుకొచ్చింది. దాని వెనకాలే, దొరగారి సవారీ గేదె గైరమ్మ మీదెక్కి కార్యదర్శి నక్క కూడా దిగాడు.

"ఇది రాజద్రోహి. అప్పగించారా సరే. లేదా, వాగులో నీళ్ళు తగ్గగానే తోడేళ్ళ దండు ఇటు దిగుతుంది. తర్వాత మమ్మల్ని అనుకుని లాభం లేదు" అన్నాడు నక్క.

సభలో కలకలం రేగింది. సింహాచలం అనే కోతి లేచాడు. "ఒక్క కుందేలు కోసం గట్టంతా చావాలా? చేతులెత్తండి, తేలిపోతుంది."

సగానికి పైగా చేతులు లేచాయి. నూకాలు అక్క పైడమ్మ ఈ గట్టుదే. గొల్లుమంది. "మొన్న నీ పిల్లకి జ్వరమొస్తే ఆకుపసరు తెచ్చింది నేనే కదా, సింహాచలం బావా!"

సింహాచలం చెయ్యి దించలేదు. కానీ దాని మొహం చూడలేకపోయాడు.

సభకి పెద్ద అప్పన్న తాబేలు. "దించండ్రా చేతులు! వాగుకి కట్ట వెయ్యాలా వద్దా అంటే చేతులెత్తుదాం. ఒకరి ప్రాణం తీసుకెళ్ళి తోడేలు నోట్లో పెట్టాలా అంటే, అందరూ ఎత్తినా చెల్లదు" అన్నాడు. నక్క వైపు తిరిగాడు. "మా పద్ధతి విను నాయనా. నేరం మోపినవాడు ఇదిగో, ఈ జవాబు రాయి ఎక్కి చెప్పాలి. ఈ గట్టున నిలబడ్డవాళ్ళు ఎవరైనా అడగొచ్చు. అన్నిటికీ జవాబు చెప్పందే రాయి దిగకూడదు. మీ దొరని రమ్మను."

నక్క వెళ్ళాడు. దొరకి నచ్చని కబురు తెచ్చిన కిందటి కార్యదర్శి ఏమయ్యాడో వాడికి బాగా తెలుసు. అందుకని సగం కబురు గొంతులోనే మింగేశాడు.

"తమర్ని రాయి ఎక్కి మాట్లాడమన్నారు దొరా. అంతా చుట్టూ కూర్చుని వింటారట."

"చూశావా, అక్కడ కూడా నా మాటకి ఎంత గిరాకీయో!" అని దొర మీసం దువ్వాడు.

మధ్యాహ్నానికి నక్కని వెంటబెట్టుకుని గైరమ్మ మీద సవారీగా వచ్చి రాయి ఎక్కాడు. గంటసేపు తన గొప్పలు చెప్పుకుని, జేజేల కోసం ఆగాడు. ఎవరూ కొట్టలేదు. ఒక ఉడత తోక పైకెత్తింది.

"నూకాలు చేసిన నేరమేమిటండీ?"

దొర అటూ ఇటూ చూశాడు. తననే అడుగుతోందని అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. "గట్టున నిలబడి 'అక్కా, బాగున్నావా' అని కేకేసింది!"

"అక్కని అలాగే పలకరిస్తారు కదండీ?"

సభంతా నవ్వింది. "నా అనుమతి లేదు!" అని దొర గర్జించాడు.

"పలకరించడానికి అనుమతెందుకండీ?"

"నక్కా! ఏమిటీ ప్రశ్నలు? నాకెందుకు చెప్పలేదు?" నక్క అప్పటికే పొదలో దూరాడు.

అప్పుడు నీళ్ళ అంచు నుంచి సన్నగా ఒక గొంతు వినబడింది. "అయ్యా, నన్ను కూడా అడగనిస్తారా?"

గైరమ్మ. అప్పన్న దాని వైపు చూశాడు. "ఈ గట్టున నిలబడ్డావు కదమ్మా. అడుగు."

"దొరా, నా దూడ ఎక్కడుంది?"

"నోర్ముయ్! నువ్వు నా గేదెవి!"

"రెండేళ్ళయింది దొరా. ఏదో పనుందని దాన్ని పిలిపించారు. ఇవాళ వస్తుందేమోనని రోజూ ఎదురెళ్తున్నాను. వస్తుందా, రాదా? అదొక్కటి చెప్పండి."

ప్రశ్న అలవాటు లేనివాడికి ఒళ్ళు మండిపోయింది. "ఒక్క దూడకి ఇంత రాద్ధాంతమా? ఆ రోజు ఆకలేసింది, తిన్నాను! గట్టు నాది, దూడ నాది. ఇంటికి పద, నీ సంగతి చెప్తా!"

గైరమ్మ కళ్ళ నుంచి నీళ్ళు బొటబొటా కారాయి. సింహాచలం కొమ్మ దిగొచ్చి నూకాలు పక్కన నిలబడ్డాడు. "ఇందాక ఎత్తిన చెయ్యి నాదే తల్లీ. తప్పయిపోయింది" అన్నాడు.

దొర రాయి మీంచి దూకి ఒడ్డుకి ఉరికాడు. వాగు హోరుమంటోంది. ఆయనకా ఈత రాదు. "వంగు!" అన్నాడు.

గైరమ్మ వంగలేదు. ఒంటరిగా నీళ్ళలోకి దిగింది. "నేను వెళ్ళి చెప్పాలి దొరా. అక్కడ ఇంకా చాలామంది తల్లులు ఎదురుచూస్తున్నారు."

"తోసెయ్యండి వాగులోకి!" అని ఎవరో అరిచారు.

"వద్దు. ఆయనదీ ప్రాణమే. తన మాట చెప్పుకునే హక్కు ఆయనకీ ఉంది" అన్నాడు అప్పన్న. "రాయి ఎక్కండి దొరా. అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు."

కాసేపటికి గైరమ్మ చెప్పింది విని వచ్చినవాళ్ళతో అవతలి గట్టు నిండిపోయింది. దండులోని తోడేళ్ళు దొర హుకుం లేక ఏం చెయ్యాలో తోచక నిలబడిపోయాయి. వాటి ముందు నుంచే ఒక మేక నీళ్ళ దాకా వచ్చింది. ఇన్నేళ్ళలో మొదటిసారి గొంతెత్తి అరిచింది.

"నా పిల్ల ఏమైంది దొరా?"

రాయి మీద దొర చెవులు వాల్చుకుని నేల చూపులు చూస్తున్నాడు.

నీతి: అడిగే హక్కు లేని చోట, ఏ తల్లికీ బిడ్డ తనదన్న భరోసా ఉండదు.