రేవుకు కట్టిన పీచుమూటలు

అనగనగా ఒక మడ అడవి. నది సముద్రంలో కలిసే ఆ చోట జంతువులకు ఒక చెక్క రేవు ఉండేది. దాన్ని చూసుకునేది సింగారి అనే బావురుపిల్లి. పడవ నడిపేది మల్లన్న అనే నీటికుక్క.

రేవు గుంజలకు రెండు మూటలు వేలాడేవి. పాత వలల్లో కొబ్బరి పీచు కుక్కి కట్టిన మూటలవి. పడవ వచ్చి తగిలితే దెబ్బంతా అవే తినేవి. కానీ, అబ్బో, ఏం కంపు!

ఒకరోజు కొంగ ముక్కు తిప్పుకుంది. "ఇదేం రేవమ్మా సింగారీ? చేపల సంత నయం!"

సింగారికి తల కొట్టేసినట్టయింది. వెంటనే మూటలు ఊడదీసి గట్టు మీద పారేసింది. గుంజలకు ఎర్రటి జాజు రంగు పూసి, సున్నం బొట్లు పెట్టి మురిసిపోయింది.

"మూటలేవమ్మా?" అన్నాడు మల్లన్న.

"నువ్వు మెల్లగా ఆపుకో బాబాయ్. ఆ మాత్రం చేతకాదా?"

"నేను ఆపుతానే. గాలి, పోటు నా మాట వింటాయా?"

మొదటి రోజు నీళ్లు నిలకడగా ఉన్నాయి, ఏమీ కాలేదు. "చూశావా!" అంది సింగారి. రెండో రోజు పడవ అంచు కాస్త చిట్లింది. "ఆ, ఎంతలే!" అంది.

మూడో రోజు సింగారి పిల్లలిద్దరూ అవతలి ఒడ్డు నుంచి, అమ్మమ్మ ఇంటి నుంచి వస్తున్నారు. పడవ నడి నీటిలో ఉండగా ఈదురుగాలి లేచింది. సముద్రం పోటెత్తింది. పడవ విసురుగా రేవు మీదికి వచ్చేస్తోంది.

"సింగారీ! మూటలు! మూటలు!" అని మల్లన్న కేక పెట్టాడు.

సింగారి ఉత్త గుంజల వంక చూసింది. చిట్లిన పడవ ఈ గుంజకు కొట్టుకుంటే ఇంకేముంది, రెండు ముక్కలే! అయ్యో, నా బిడ్డలు! ఒక్క ఉరుకున గట్టెక్కింది. నీళ్లు పీల్చి బరువెక్కిన మూట కదిలితేనా?

"కొంగమ్మా, ఓ చెయ్యి వెయ్యవే!"

ఒడ్డున ఉన్న కొంగ పరుగున వచ్చి వలను ముక్కుతో పట్టి లాగింది. ఇద్దరూ కలిసి ఒక్క మూటను గుంజకు తగిలించారో లేదో, ధబ్! పడవ మూటలోకి దిగబడి, మెల్లగా వెనక్కి జరిగి ఆగింది.

పిల్లలు రేవు మీదికి గెంతారు. "అమ్మా, ఇంకోసారి!" అంది చిన్నది.

"హమ్మయ్య! చాల్లేవే తల్లీ!" సింగారికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పిల్లల్ని ముద్దాడి, వెళ్లి ఆ మూటను కూడా కావలించుకుంది.

"ఛీ, కంపు అమ్మా!" అంది పెద్దది.

"కొట్టనీవే," అంది సింగారి. రెండో మూటను సరిగ్గా ఆ సున్నం బొట్ల మీదే కట్టింది.

నీతి: మన మీద పడే దెబ్బను కాచేదాన్ని, అందంగా లేదని పారేయకూడదు.